చెల్లె ఆగుడు వేరు, నువ్వు ఆగుడు వేరు

ముందుగాల ఉత్తరం పెడ్తున్న, పొడుగుంటే కొంచెం కుదించిన, గుర్తుపట్టే సంగతులు తీసేసిన.

"అమ్మా, నాకు 35 ఏండ్లు. మాది హన్మకొండ దగ్గర ఊరు, తాతల కాలం నుంచి ఆర్‌సీఎం, అంటే రోమన్ కతోలికులం. నాకు 19 ఉన్నప్పుడు మా నాయినకు గుండెపోటు వచ్చి ఎంజీఎంల పడ్డడు. 'కండ్లు మూసేలోపు నీ పెండ్లి చూడాలె' అని ఏడిస్తే పది రోజులల్ల మేనబావకిచ్చి మా ఊరి చర్చిల చేసిన్రు. వద్దని మొత్తుకున్న, వినలే. ఆయన తాగుడు, కొట్టుడు. నాలుగేండ్లు భరించి కొడుకును ఎత్తుకొని తల్లిగారింటికి వచ్చిన. ఫ్యామిలీ కోర్టుల విడాకులు అయినయి. తర్వాత నాతోని పనిచేసే ఒకాయనను రిజిస్టర్ మ్యారేజ్ చేసుకున్న. ఆయన హిందువు, ఆయనకు మొదటి పెండ్లి, నా కొడుకును సొంత కొడుకు లెక్క చూస్తడు, చర్చికి పోతనంటే ఎన్నడు అడ్డం చెప్పలే. మాకు బిడ్డ, తొమ్మిదేండ్లు, జ్ఞానస్నానం అయ్యింది, ఈ ఎండకాలం మొదటి సత్ప్రసాదం (చర్చి పూజల ఇచ్చే కమ్యూనియన్) తీస్కుంటది. 'అమ్మా నువ్వెందుకు తీస్కోవు' అని రోజు అడుగుతది. ఆ ఒక్కరోజు పర్మిషన్ ఇయ్యమని ఫాదర్‌ను అడిగితే వీలుకాదన్నరు. తెలిసినామె ఏమో సికింద్రాబాద్ పోయి ఎవ్వరు గుర్తుపట్టని చర్చిల తీస్కో అంటది. మొదటి పెండ్లి మీద చర్చి కోర్టుల కేసు వేద్దామంటే నా కొడుకు అక్రమ సంతానం అయితడని మా అమ్మ భయపెడ్తది. మా చెల్లె కూడా మొగన్ని ఇడిసి అయిదేండ్లాయె, పెద్దమనుషులల్ల ఇడుపు కాయితం అయ్యింది, మళ్ల పెండ్లి చేసుకోలే, అయినా అందరు అంటున్నరని ఆమె కూడా సత్ప్రసాదం మానేసింది. మేమిద్దరం దేవునికి పనికిరానోళ్లమా అమ్మా?"

బిడ్డా, పనికిరానోళ్లు అనే మాట ఇంక రాయకు. నీ సంగతి చాలా ఉంది, చెల్లె సంగతి చిన్నది, అందుకే ఆమెది ముందు తేల్చుకుందాం.

మీ చెల్లె సత్ప్రసాదం తీస్కోవచ్చు. మన చర్చిల ఏ కాలంల కూడా మొగన్ని ఇడిసి ఒంటరిగ బతికే ఆడామెను, విడాకులు అయినయన్న ఒక్క కారణంతోని, సత్ప్రసాదానికి దూరం పెట్టమని రూల్ లేదు. కొట్టే మొగనితోని ఉండకుండ బయటికొచ్చే హక్కు చర్చి చట్టమే ఇచ్చింది, ప్రాణానికో మనసుకో పిల్లలకో ప్రమాదం ఉంటే వేరు ఉండొచ్చు అని సాఫ్‌గ రాసుంది. చర్చి బోధలన్ని రాసిన పుస్తకం, కతోలిక సత్యోపదేశంల ఇంకో మాట కూడా ఉంది, తన తప్పు లేకుండ విడాకుల పాలైనామె ఏ ఆజ్ఞ మీరినట్టు కాదు అని. అందరి లెక్క పాపసంకీర్తనం (ఫాదర్ ముంగట పాపాలు ఒప్పుకునుడు) చేసుకోవాలె, అందరి లెక్క వరుసల నిలవడాలె, అంతే. మన దగ్గర ఏమయ్యిందంటే 'విడాకులు' అన్న మాట, 'మళ్ల పెండ్లి' అన్న మాట రెండు కలిపి ఒకటే ముద్ద చేసి పెట్టిన్రు, పూజ అయినంక చర్చి ముంగట నిలవడి మాట్లాడేటోళ్లు కూడా గదే అంటరు. నేనేం తక్కువ తినలే. ముప్పై ఏండ్ల కింద, అప్పుడు మరియదళం అనే మన చర్చి సంఘంల నాది పెద్ద నోరు, నా ముందల నిలవడ్డ ఒకామెకు చెవుల చెప్పిన, 'నీకు లేదు గద అక్కా' అని. ఆమె ఏమనలే, పోయి వెనక బెంచీల కూసున్నది, మళ్ల ఆ చర్చిల కనవడలే. ఆమెకు మళ్ల పెండ్లి కాలేదన్న సంగతి నాకు తర్వాత తెలిసింది. దానికి నేను పాపసంకీర్తనం చేసుకున్న గానీ ఆమెను మాత్రం వెతికి పట్టుకోలేకపోయిన.

చెల్లె గురించే ఇంకో ముచ్చట, ఇది సత్ప్రసాదానికి సంబంధం లేనిది గానీ చెప్పకుంటే నాకు నిద్ర పట్టది. పెద్దమనుషుల ఇడుపు కాయితం మన క్రైస్తవులకు చట్టంల విడాకులు కాదు. 1869 నాటి విడాకుల చట్టం కింద కోర్టు డిక్రీ ఉండాలె. 2001ల దాన్ని మార్చినంక ఆడోళ్లకు హింస మీద, ఇడిసిపెట్టిపోవుడు మీద కూడా విడాకులు అడిగే వీలు వచ్చింది, ఇద్దరు ఒప్పుకొని తీస్కునే వీలు కూడా అప్పుడే వచ్చింది. అంతకుముందు మొగోనికి ఆమె పరాయి సంబంధం ఒక్కటి చూపెడితే సరిపోయేది, ఆడామె మాత్రం అతని పరాయి సంబంధం చూపెట్టి దానికి తోడు ఇంకోటి కూడా చూపెట్టాలె, గంత అన్యాయంగ ఉండె. ఆ కాయితం పట్టుకొని రేపు చెల్లె ఇంకో పెండ్లి చేసుకుంటే కేసుల పడ్తది. వకీలును కలవమని చెప్పు.

ఇగ నీ దగ్గరికొద్దాం.

ఫాదర్ మీద కోపం పెట్టుకున్నట్టు ఉత్తరంల కనవడ్తున్నది. ఆయన చెప్పింది ఆయన సొంతంగ పెట్టిన రూల్ కాదు. దేవుడు కలిపినదాన్ని మనిషి విడదీయొద్దన్న క్రీస్తు మాట మీద మన చర్చి పెండ్లి నిలవడ్డది, ఇద్దరు జ్ఞానస్నానం పొందినోళ్లు సరిగ్గ చేసుకొని కాపురం చేసిన పెండ్లిని సావు తప్ప ఏదీ తెంపదు అని. కోర్టు డిక్రీ నీకు సర్కారు ముంగట విడుదల, చర్చి ముంగట మీ మేనబావ ఇంకా నీ మొగడే అని లెక్క. మరి ఇంకొకరితోని కాపురం చేస్తున్నవు గాబట్టి ఆ జీవితం సత్ప్రసాదం చెప్పేదానికి ఎదురుగ ఉన్నదంటరు, సత్ప్రసాదం అంటేనే క్రీస్తు తన సభను ఎన్నటికీ ఇడవడు అనేదానికి గుర్తు గద. 1981ల రెండో జాన్‌పాల్ పోపుగారు కుటుంబం మీద రాసిన ఫమిలియారిస్ కన్సోర్షియోల 84వ పేరాల ఈ సంగతి సాఫ్‌గ పెట్టిండు. పిల్లల కోసమో మరో బలమైన కారణం కోసమో విడిపోలేనోళ్లు అన్నాచెల్లెళ్ల లెక్క ఒకే ఇంట్ల ఉంటే తీస్కోవచ్చు, లేకుంటే లేదు. కానీ అదే పేరాల, వీళ్లను చర్చి నుంచి వేరైనోళ్లుగ చూడొద్దు, పూజకు రావాలె, వాక్యం వినాలె, పిల్లల్ని విశ్వాసంల పెంచాలె అని కూడా రాసిండు. మనోళ్లు మొదటి సగమే చదివిన్రు.

ఒక్కరోజు పర్మిషన్ అన్నవు. అట్లాంటిది ఏ ఫాదర్ చేతుల లేదు, ఫోటో కోసం ఇచ్చేది కాదది. సికింద్రాబాద్ ముచ్చట కూడా వద్దు బిడ్డా. నీ పేరు తెల్వనోళ్ల చేతుల నుంచి తీస్కుంటే మనుషుల నోరు తప్పించుకుంటవు గానీ, నీ సమస్య మనుషుల నోరు ఒక్కటే అయితే నువ్వు నాకు ఇంత పెద్ద ఉత్తరం రాయకపోదువు.

ఇప్పుడు అసలు మాట. నువ్వు 'నేను తీస్కోవచ్చా' అని అడిగినవు. దానికంటే ముందల అడగాల్సింది ఇంకోటి ఉంది, నీ మొదటి పెండ్లి అసలు పెండ్లేనా అని. ఉత్తరం రెండుసార్లు చదివిన, నువ్వు గమనించకుండ రాసిన మూడు మాటలు నాకు గుచ్చుకున్నయి.

మొదటిది 'మేనబావ'. మనకు మేనరికం అంటే బంగారం, చర్చికి మాత్రం అడ్డంకి. దగ్గరి రక్త సంబంధంల నాలుగో మెట్టు దాక పెండ్లి చెల్లదు అని కానన్ చట్టం, అంటే మన చర్చి చట్టం. లెక్క ఎట్లంటే నీ నుంచి మీ తాత దాక రెండు మెట్లు ఎక్కాలె, తాత నుంచి బావ దాక రెండు మెట్లు దిగాలె, మొత్తం నాలుగు, అంటే సరిగ్గ గీత మీద ఉన్నరు మీరు. అయితే బిషప్ గారు మినహాయింపు ఇస్తే చెల్లుతది, డిస్పెన్సేషన్ అంటరు, మన తెలుగు మేత్రాసనాలల్ల (ఒక్కో బిషప్ గారి కింద ఉండే ప్రాంతాలల్ల) మేనరికాలు మామూలే గాబట్టి ఫాదర్లు రాసి పంపి తెప్పిస్తరు. మీకు తెప్పించిన్రా? అదొక్కటి తేలాలె. తెప్పించకుండ పెండ్లి చేసి ఉంటే ఆ పెండ్లి మొదటిరోజు నుంచే చెల్లనిది, ఆ కాయితాలతోనే తేల్చే చిన్న పద్ధతి చట్టంల ఉంది, ఏండ్లకేండ్లు నడిచే కేసు కాదు.

రెండోది 'పది రోజులల్ల'. చర్చిల పెండ్లి పేర్లు మూడు ఆదివారాలు చదువుతరు, పది రోజులల్ల మూడు ఆదివారాలు ఎట్ల పడ్తయి? పేర్లు చదవలేదని పెండ్లి చెడిపోదు, దానికీ మినహాయింపు ఉంటది, గాని అంత ఉరుకులాటల చేసినప్పుడు పెండ్లికి ముందు విచారణ ఫారం సరిగ్గ నింపిన్రా, ఇద్దర్ని వేరువేరుగ కూసోబెట్టి 'నీకు ఇష్టమేనా' అని అడిగిన్రా అని నాకు అనుమానం. అనుమానమే, ఆశ పెట్టుకోకు. బిషప్ హౌజ్‌కు ఒక మనిషిని పంపి ఒక్క పూటల మినహాయింపు కాయితం తెచ్చుకున్నోళ్లు కూడా ఉంటరు.

మూడోది 'వద్దని మొత్తుకున్న'. బలవంతం చేసినా, బయటికెల్లి వచ్చిన పెద్ద భయంతోని తప్పించుకోలేక ఒప్పుకున్నా ఆ ఒప్పుడు ఒప్పుడు కాదని చట్టం. కత్తి పెట్టి బెదిరిస్తేనే భయం అని ఏం లేదు, తండ్రి సచ్చిపోతడేమో, నా వల్లనే సచ్చిండని అంటరేమో అన్న భయం కూడా లెక్కలకొస్తది, కాకపోతే అది ఎంత బరువైందో చూస్తరు. నాయిన మాట కాదనలేక చేసుకున్న పెండ్లిళ్లన్ని చెల్లవంటే మన ఊర్లల్ల సగం పెండ్లిళ్లు ఉండవు గద. నువ్వు వద్దన్న మాట అప్పుడు ఎవరెవరు విన్నరు, నీ దోస్తులా, పెద్దమ్మా, స్కూల్ సిస్టరా, వాళ్లు ఇప్పుడు వచ్చి చెప్తరా అన్నదాని మీద ఉంటది.

ఆయన తాగుడు కొట్టుడు గురించి ఒక పేజీ రాసినవు, నేను రెండు మాటలకు కుదించిన, తప్పుగ అనుకోకు. ట్రిబ్యునల్‌ల, అంటే చర్చి కోర్టుల, నువ్వు ఎంత కష్టపడ్డవు అని కాదు చూసేది, పెండ్లిల 'ఒప్పుకుంటున్న' అన్న ఆ నిమిషంల ఏముండె అని చూస్తరు. పెండ్లైన రెండేండ్లకు తాగుడు మొదలైతే అది కష్టమే గానీ కారణం కాదు. పెండ్లికి ముందు నుంచే తాగుడుకు బానిసై, సంసారం మోసే శక్తే లేని మనిషి అయ్యుండి, మీ అత్తగారోళ్లు దాచిపెట్టి చేస్తే అప్పుడు ముచ్చట వేరు, దానికి వేరే కారణాలు ఉన్నయి చట్టంల.

మీ అమ్మకు ఇట్ల చెప్పు. చర్చి పెండ్లిని రద్దు చెయ్యదు. హక్కు లేనోడు అమ్మిన భూమి ఎన్ని చేతులు మారినా, పాస్‌బుక్కు వచ్చినా, రేపు కోర్టుల తేలితే ఏమంటరు, 'ఇప్పుడు రద్దు చేస్తున్నం' అనరు, 'మొదలే చెల్లలేదు' అంటరు. ట్రిబ్యునల్ చెప్పేది కూడా గదే. మరి పిలగాడు? కనీసం ఒక్కరన్న చెల్లుతదని మంచి మనసుతోని చేసుకున్న పెండ్లిల పుట్టిన పిల్లలు సక్రమ సంతానమే అని చర్చి చట్టం 1137వ కానన్‌ల రాసి పెట్టింది. నీ కొడుక్కు జ్ఞానస్నానం సర్టిఫికెట్‌ల ఒక్క అక్షరం మారది. సర్కారు లెక్కల కూడా ఏం మారది, ఎందుకంటే చర్చి ట్రిబ్యునల్ తీర్పుకు మన దేశ చట్టంల విలువ లేదు, 2017 జనవరిల సుప్రీంకోర్టు ఈ మాట మళ్ల ఖాయం చేసింది. అందుకే రెండూ కావాలె, సర్కారుకు కోర్టు డిక్రీ, చర్చికి ట్రిబ్యునల్ తీర్పు, ఒకటి ఉంటే ఇంకోటి అక్కర్లేదనుకొని ఇరుక్కున్నోళ్లను మస్తుమందిని చూసిన. నీకు మొదటిది ఎట్లాగు ఉంది.

ఎట్ల మొదలుపెట్టాలె అంటే, మీ విచారణ గురువులకు, అంటే మీ చర్చి ఫాదర్‌కు, చెప్పి ఫాతిమానగర్ బిషప్ హౌజ్‌ల అడగాలె, కేసు ఏ ట్రిబ్యునల్‌కు పోవాల్నో వాళ్లే చెప్తరు. పెండ్లి జరిగిన చోటన్నా, నువ్వున్న చోటన్నా వెయ్యొచ్చు గాబట్టి నీకు దూరం తిరిగే పని ఉండకపోవచ్చు. చర్చి పెండ్లి సర్టిఫికెట్, ఇద్దరి జ్ఞానస్నానం కాయితాలు, కోర్టు డిక్రీ కాపీ, సాక్షుల పేర్లు, నీ కథ నీ మాటలల్ల. వకీలు భాషల రాయించకు, నాకు రాసినట్టే రాయి. మీ బావకు నోటీసు పోతది. రాకున్నా, జవాబియ్యకున్నా కేసు ఆగది, ఆయన 'పెండ్లి మంచిదే' అని కొట్లాడినా కొట్లాడనీ. అటు పెండ్లి బంధం తరఫున వాదించే ఒకాయన కూడా ఉంటడు, బంధ రక్షకుడంటరు, ఆయన ప్రశ్నలకు బాధ పడకు, ఆయన పనే అది. 2015ల ఫ్రాన్సిస్ పోపుగారు ఈ పద్ధతిని కొంచెం తేలిక చేసిండు, అంతకుముందు ఒక ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ఇంకో ట్రిబ్యునల్ కూడా ఖాయం చెయ్యాల్సి ఉండె, ఇప్పుడు అప్పీల్ ఎవరు చెయ్యకుంటే ఒక్క తీర్పే చాలు. ఖర్చు కూడా వీలైనంత లేకుండ చూడమన్నడు, పైసల్లేవని ఆగకు.

ఒకవేళ మొదటి పెండ్లి చెల్లదని తేలితే ఇప్పుడున్నాయనతోని చర్చిల పెండ్లి సరిచేసుకోవాలె. ఆయన మతం మారాల్సిన పని లేదు. వేరే మతం మనిషిని చేసుకునేటందుకు బిషప్ గారి అనుమతి తీస్కోవాలె, విశ్వాసంల ఉంట, పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పించి విశ్వాసంల పెంచేటందుకు నా చేతనైనంత చేస్త అని నువ్వు మాటియ్యాలె, ఆ మాట ఇచ్చినట్టు ఆయనకు తెల్వాలె. గంతే. ఆయనకు ఇది మొదటి పెండ్లి అని రాసినవు, మంచిదే, లేకుంటే ఆ పెండ్లి కూడా చూసేటోళ్లు.

తేలకపోతే? సాక్షులు సచ్చిపోయిన్రు, మినహాయింపు కాయితం రిజిస్టర్‌ల సక్కగ ఉంది, ట్రిబ్యునల్ 'చెల్లుతది' అన్నది. అప్పుడేంది అని అడుగుతవు, నాకు తెలుసు. ఇక్కడ మన చర్చిలనే పెద్దలకు పెద్దలకు పడలే, దాచి ఏం లాభం. 2016ల ఫ్రాన్సిస్ పోపుగారు కుటుంబం మీద అమోరిస్ లెటీషియా అనేది రాసిండు, దాంట్ల ఎనిమిదో అధ్యాయంల, ఒక్కొక్కరి పరిస్థితి వేరువేరు, అందరి మీద ఒకే రాయి వెయ్యొద్దు, ఫాదర్‌తోని కూసొని దేవుని ముందర నిదానంగ తేల్చుకోవాలె అని రాసి, 351వ అడుగు నోటుల కొన్ని సందర్భాలల్ల సంస్కారాల (పాపసంకీర్తనం, సత్ప్రసాదం లాంటివాటి) సాయం కూడా ఉండొచ్చు అన్నడు. ఆ ఒక్క నోటు మీద ఎంత లొల్లి అయ్యిందో. నలుగురు కార్డినళ్లు సందేహాలు రాసి పోపుగారికి పంపిన్రు. అర్జెంటీనాల బ్యూనస్ ఎయిర్స్ ప్రాంతం బిషప్పులు కొన్ని సందర్భాలల్ల ఇయ్యొచ్చు అని రాస్తే పోపుగారు 'ఇదే అర్థం, వేరే అర్థం లేదు' అని ఒప్పుకున్నడు, మాల్టా బిషప్పులు ఇంకో అడుగు ముందుకేసిన్రు, పోలండ్ బిషప్పులు పాత మాట మీదనే నిలవడ్డరు. అంటే ఒకే తీరు ఉన్న ఇద్దరు ఆడోళ్లకు ఒక దేశంల ఒక జవాబు, ఇంకో దేశంల ఇంకో జవాబు. నాకు ఇది నచ్చది, చర్చిల చదువుకోనామెకు ఇది అన్యాయం అనిపిస్తది. అయినా ఆ అధ్యాయం చదివితే నాకు అర్థమైంది ఏందంటే అది దొడ్డిదారి కాదు, ఎవరి మటుకు వాళ్లు 'నా మనసు ఒప్పుకుంది' అని వరుసల నిలవడేదీ కాదు. మొదటి పెండ్లి ఎట్ల పాడైంది, పిల్లలకు ఏమైంది, ఇడిసిపెట్టినాయన సంగతేంది అని ఫాదర్ అడుగుతడు, నెలలు పడ్తది, కొన్నిసార్లు 'ఇప్పుడే కాదు' అనే జవాబు వస్తది. నీకు ట్రిబ్యునల్ తలుపు ఇంకా తెరిచే ఉంది గాబట్టి ముందు దాంట్లకెల్లి పో. ఆ తలుపు మూసుకపోతే అప్పుడు మీ ఫాదర్‌తోని ఈ ముచ్చట పెట్టు, కోపంతోని మాత్రం కాదు.

ఇగ పాప. కడుపునొప్పి, ఉపవాసం అని అబద్ధాలు చెప్పకు, తొమ్మిదేండ్ల పిల్లలు అన్ని పసిగడ్తరు. "అమ్మ పెండ్లి విషయం చర్చిల ఇంకా తేలాలె బిడ్డా, తేలేదాక అమ్మ ఆగుతున్నది, నువ్వు తీస్కున్నప్పుడు అమ్మ కోసం అడుగు" అని చెప్పు. నీ పెండ్లి కారణంగ ఆ పిల్ల సత్ప్రసాదం ఎవ్వరు ఆపలేరు, తల్లిదండ్రుల లెక్క పిల్లల మీద వెయ్యరు. తెల్లగౌను కుట్టియ్యి, ముందు బెంచీల కూసో, వెనక దాక్కోకు. పాప తీస్కొని వచ్చి నీ పక్కన మోకరించినప్పుడు కండ్లు మూసుకొని మనసులనే ప్రభువును రమ్మని అడుగు, ఆత్మీయ సత్ప్రసాదం అంటరు దాన్ని, కరోనాల గుడులు మూసినప్పుడు మనందరం చేసింది గదే, అప్పుడెవ్వరు తక్కువనుకోలే.

చెల్లెను మాత్రం ఎండకాలం దాక ఆపకు. ఈ శనివారమే పాపసంకీర్తనానికి తోలు. ఆదివారం నీ పక్కనే కూసోబెట్టుకో, వరుస కదిలినప్పుడు ఎవరి దిక్కు చూడకుండ లేవమని మోచేత్తో పొడువు.

నువ్వు వచ్చే వారం మీ ఊరి చర్చికి పోయి పెండ్లి రిజిస్టర్ తీయించు. నీ పేరు ఎదురుంగ రక్త సంబంధానికి మినహాయింపు ఇచ్చినట్టు రాసుందా, తారీఖు ఉందా, ఖాళీగ ఉందా చూడు. చూసి మళ్ల రాయి.